మేనేజరుగారి జ్ఞానదంతం

పళ్ళ డాక్టరుకి ఫుట్‌బాల్ అంటే ప్రాణం అనుకునేవారు అందరూ. అది నిజం కాదు. ఆయనకి పసుపు చొక్కాల జట్టంటే ప్రాణం. నది అవతలి నీలం చొక్కాలవాళ్ళు ఎంత బాగా ఆడినా ఆయనకి అందులో ఆటే కనిపించేది కాదు. నీలం చొక్కా వేసుకుని ఎవరైనా పన్ను చూపించుకోడానికి వస్తే వైద్యం మాత్రం లోపం లేకుండా చేసేవాడు. ఓదార్చడమే కాస్త తగ్గించేవాడు.

చిన్నప్పుడు తండ్రి భుజాలెక్కి చూసిన మొదటి ఆటలోనే పసుపు జట్టు చిత్తుగా ఓడింది. తిరిగొస్తూ తండ్రి, "ఎలా ఉన్నా మనవాళ్ళురా" అన్నాడు. ఇంటికొచ్చి కదలని చుట్టంలా ఆ జట్టు అప్పటినుంచీ ఆయన బతుకులో తిష్ట వేసింది.

క్లినిక్కు రెండు గదులు. ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, బల్ల దగ్గర పేర్లు పిలిచే భార్య. లోపలి గదిలో పేషెంటు కుర్చీ, దీపం, పేషెంట్లకి చూపించే సున్నపు పళ్ళ సెట్టు. సాయంత్రం జనం పలచబడ్డాక ముందు గది కాస్తా సభ అయిపోయేది. లెక్కల మాస్టారు వచ్చేవాడు, ఎదురు దుకాణం టైలరు వచ్చేవాడు, ఇద్దరూ పసుపు జట్టు మనుషులే. భార్య తమ్ముడూ వచ్చేవాడు. ఈ బావమరిది వరస ఓటములు తట్టుకోలేక కిందటేడే నీలం జట్టులోకి దూకేశాడు. అయినా సాయంత్రమయ్యేసరికి ఇక్కడికే చేరేవాడు. ఎందుకని అడిగితే, "అక్కడ అందరూ సంతోషంగా ఉంటారు బావా. మాట్లాడుకోడానికి ఏమీ ఉండదు" అనేవాడు.

ఇక్కడ మాటలకి కరువు లేదు. కొత్త మేనేజరు వచ్చినప్పటినుంచీ జట్టు ఓడిపోతూనే ఉంది. జట్టులో ముందు వరసలో ఆడే ఒక పొడుగాటి ఆటగాడు ఉన్నాడు. నిలబడ్డ చోటినుంచి కదలడు కనక వీళ్ళు అతనికి స్తంభం అని పేరు పెట్టారు. బెంచీ మీద ఒక కుర్రాడున్నాడు, కాలు నేలమీద నిలవదు, వాడు ఉడుత. మేనేజరు ప్రతి ఆటకీ స్తంభాన్నే దింపుతాడు, ఉడుతని బెంచీ దిగనివ్వడు. ఎందుకు? ఈ ఒక్క ప్రశ్న మీద శీతాకాలమంతా గడిచిపోయింది. డాక్టరు సున్నపు పళ్ళ సెట్టు తెచ్చి ముందు పళ్ళు దాడికి, దవడ పళ్ళు కాపలాకి అని విడమరిచి చెప్పేవాడు. మధ్యలో ఒక పన్ను మీద వేలు పెట్టి, "ఇదుగో, ఇదీ స్తంభం. కట్టుడు పన్ను. చూడ్డానికే గాని కొరకడానికి కాదు" అనేవాడు. ఆ మేనేజరు ఎప్పుడైనా ఎదురుపడితే నాలుగు మాటలతో కడిగేస్తానని కూడా అనేవాడు. ఆ నాలుగు మాటలూ అద్దం ముందు చాలాసార్లు కడిగాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం భార్య లోపలికి తొంగిచూసి, చాలా నొప్పితో ఒకాయన వచ్చాడని చెప్పింది. వచ్చినవాడు మేనేజరు. ఒక బుగ్గ బంతిలా ఉబ్బి, కళ్ళు ఎర్రబడి, టీవీలో కనిపించే మనిషికన్నా పొట్టిగా ఉన్నాడు. మర్నాడే నీలం జట్టుతో ఆట.  డాక్టరు అన్నాళ్ళు అద్దం ముందు సాధన చేసినవన్నీ ఎటు పోయాయో, "నోరు తెరవండి" అన్న మాట ఒక్కటే బయటికొచ్చింది.

చూస్తే జ్ఞానదంతం, అడ్డంగా పెరిగి పక్క పన్నుని తోసేస్తోంది. తీసెయ్యక తప్పదు. మత్తు సూది పడి, మేనేజరు నోట్లో పరికరాలు చేరాక గాని డాక్టరుకి ధైర్యం రాలేదు.

"ఏమనుకోకపోతే ఒకటి అడుగుతానండి. ఆ పొడుగాయన్ని ఎందుకు ఆడిస్తున్నారు?"

"ఆఁ" అన్నాడు మేనేజరు.

"నాకూ అదే అనిపిస్తుందండి. కుర్రాణ్ణి దింపొచ్చు కదా?"

"ఊఁ ఊఁ" అంటూ మేనేజరు చెయ్యి పైకెత్తాడు. అంత నిజాయితీగా మనసు విప్పిన మేనేజరుని డాక్టరు తన జన్మలో చూడలేదు. ఆ ఉత్సాహంలో పన్ను చాలా నేర్పుగా ఊడదీశాడు కూడా.

దూది కరిచిపెట్టి లేచిన మేనేజరు పళ్ళెం వైపు వేలు చూపిస్తూ, మొద్దుబారిన పెదవులతో, "అంతం... అంతం" అన్నాడు. పళ్ళెం పక్కనే సున్నపు పళ్ళ సెట్టు ఉంది. వేలు సరిగ్గా ఆ కట్టుడు పన్ను మీదికే పోతున్నట్టు తోచింది డాక్టరుకి. స్తంభం పని అంతం. ఆయన కళ్ళు చెమర్చాయి. రెండు చేతులతో మేనేజరు చెయ్యి పట్టుకుని ఊపి ఊపి, గుమ్మందాకా సాగనంపాడు.

"ఆయనేదో అడుగుతున్నట్టుంది" అంది భార్య.

"అడగలేదు, చెప్పాడు" అన్నాడు డాక్టరు.

పేషెంటు గుట్టు బయటపెట్టకూడదని ఆయనకి తెలుసు. అందుకే ముగ్గురికే చెప్పాడు, మూడో చెవిన పడకూడదని ముగ్గురికీ విడివిడిగా చెప్పాడు. పొద్దు వాలేసరికి వీధి వీధంతా మాట్లాడుకుంటోంది. టైలరు పనులన్నీ పక్కన పెట్టి పసుపు గుడ్డ మీద 'ఉడుతకు స్వాగతం' అని అక్షరాలు కుట్టి, మర్నాడు మైదానంలో పది మంది చేత పట్టించాడు.

జట్టు మైదానంలోకి వచ్చింది. అందరికన్నా ముందు తల ఒకటి ఎత్తుగా కనిపించింది. స్తంభమే. ఉడుత బెంచీ మీద కూర్చుని బూటు దారం సరిచేసుకుంటున్నాడు. డాక్టరు కూర్చున్న వరస వరసంతా మెల్లిగా తలలు తిప్పి ఆయన వైపు చూసింది. ఆయన టోపీ కిందికి లాక్కున్నాడు.

"ఏ పన్ను పీకావన్నావు?" అన్నాడు లెక్కల మాస్టారు.

"జ్ఞానదంతం."

"ఇంకేం. ఆయనకున్న కాస్తా నీ చేతుల్లోనే పోయింది."

ఆ రోజు జరిగింది మటుకు ఎవరూ ఊహించలేదు. మామూలుగా ఆట మొదలైన దగ్గర్నుంచీ గీత పక్కన నిలబడి గొంతు చించుకునే మేనేజరు నోరు తెరవలేకపోయాడు. ఎడం బుగ్గ పట్టుకుని అటూ ఇటూ తిరిగాడంతే. అరుపులు లేకపోయేసరికి ఆటగాళ్ళకి మొదట్లో దిక్కు తోచలేదు, తర్వాత ఎవరి ఆట వాళ్ళు హాయిగా ఆడుకున్నారు. ఆట చివర్లో నొప్పి పొడిచి మేనేజరు ఎడం బుగ్గ గట్టిగా అదుముకున్నాడు. స్తంభం అటు చూసి, తనని ఎడమవైపు వెళ్ళమంటున్నాడనుకుని, ఆ సీజనులో మొదటిసారి కదిలాడు. ఎవరో ఎటో తన్నిన బంతి వచ్చి అతని వెనక తలకి తగిలి గోల్లో పడింది. ఏం జరిగిందో అతనికి తోటివాళ్ళు మీద పడ్డాకే తెలిసింది. పసుపు జట్టు గెలిచింది.

సాయంత్రం సభలో డాక్టరు నేరస్థుడిగా కూర్చుని మొనగాడిగా లేచాడు. గెలుపంతా పన్నులోనే ఉందని తేలిపోయింది. మేనేజరు నోట్లో ఇంకా ముప్పై ఒక్క పళ్ళున్నాయి, మిగిలిన ఆటలు అంతకన్నా తక్కువే, ఏ చిక్కూ లేదని లెక్కల మాస్టారు తేల్చాడు. నీలం జట్టువాడైన బావమరిదికి ఇది అన్యాయంగా తోచింది, పళ్ళతో గెలవడం ఆట కాదన్నాడు. అతని మాట ఎవరూ పట్టించుకోలేదు. డాక్టరు మాత్రం నవ్వలేకపోయాడు. ఎందుకంటే మేనేజరు మళ్ళీ రావాల్సిన రోజు దగ్గరికొచ్చింది, రెండో వైపు కూడా కాస్త సలుపుతోందని అప్పటికే ఫోన్లో డాక్టరు భార్యకి చెప్పాడు.

వచ్చాడు. డాక్టరు దీపం దగ్గరికి లాగి ఆ రెండో జ్ఞానదంతాన్ని చాలాసేపు చూశాడు. నిక్షేపంలా ఉంది. తీసేద్దామంటే మేనేజరు కాదనడు, సభంతా ఆశీర్వదిస్తుంది. తండ్రి గుర్తొచ్చాడు, మనవాళ్ళు గుర్తొచ్చారు. ఆఖరికి, "ఇది బాగానే ఉందండి. ఉప్పునీళ్ళు పుక్కిలించండి చాలు" అనేసి, పంటి బిగువున పరికరం కింద పెట్టాడు.

మేనేజరు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "ఆ రోజు దంతం ఇమ్మని అడిగితే మీరు చెయ్యి ఊపి పంపించేశారేంటండి? చూపిస్తే గాని మా ఆవిడ నమ్మనంటోంది. ఇంటి పనులు తప్పించుకుని ఎక్కడో తిరిగొచ్చానంటోంది."

డాక్టరు నాలుక కరుచుకున్నాడు. ఆ పన్ను పారెయ్యలేదు, దూదిలో చుట్టి సొరుగులో దాచుకున్నాడు. తీసి ఇచ్చేశాడు. సిగ్గుతో పాటు ఏదో తెగింపు కూడా వచ్చింది. ఈసారి మేనేజరు నోరు ఖాళీగానే ఉందని చూసుకుని మరీ అడిగాడు, కుర్రాణ్ణి ఎందుకు ఆడించరని.

మేనేజరు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆ అబ్బాయినీ మా అమ్మాయినీ ఒకటి చెయ్యాలనుకుంటున్నామండి. ఇంకా ఎవరికీ తెలీదు. పెళ్ళయ్యేదాకా వాడి కాళ్ళకి దెబ్బ తగలకూడదని మా ఆవిడ ఒట్టు వేయించుకుంది. నేను మైదానంలోనే మేనేజర్నండి."

డాక్టరు ఈసారి మాత్రం ఎవరికీ చెప్పనన్నాడు. ఆ 'ఈసారి మాత్రం' అన్న మాట విని మేనేజరు కాస్త వింతగా చూశాడు.

అక్కణ్ణుంచి డాక్టరు పాట్లు మొదలయ్యాయి. రోజూ సభలో ఉడుత పేరెత్తగానే గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు దగ్గేవాడు. ఒకరోజు ఉండబట్టలేక, స్తంభంలోనూ నిలకడ ఉందని అన్నాడు. 

"నేను జట్టే మారాను బావా. నువ్వు మనిషివే మారిపోయావు" అన్నాడు బావమరిది. డాక్టరు పళ్ళు బిగించి ఊరుకున్నాడు. ఎన్ని మాటలు పడ్డా నోరు విప్పలేదు.

సీజను చివర జట్టు పట్టిక అడుగునుంచి రెండో స్థానంలో ఎలాగో నిలబడింది. క్లబ్బువాళ్ళు మేనేజరుని సాగనంపారు. తర్వాత నెలలో ఉడుత పెళ్ళి ఫొటో పేపర్లో పడింది. టైలరు ఆ పేపరు పట్టుకొచ్చి ముందు గదిలో పరిచాడు. అందరూ డాక్టరు మొహం చూశారు.

"నీకు తెలుసా?" అన్నాడు లెక్కల మాస్టారు.

"తెలుసు."

"నాకూ తెలుసు" అంది భార్య, బల్ల దగ్గర్నుంచి తలెత్తకుండా. "ఆ తలుపు సరిగ్గా పడదు కదా."

కొత్త మేనేజరు వచ్చి మొదటి ఆటలోనే ఉడుతని దింపాడు. ఉడుత మైదానమంతా పరుగెత్తాడు. ముందుకీ వెనక్కీ అడ్డంగానూ పరుగెత్తాడు. బంతి ఒక్కటే అతనికి అందలేదు. మూడో ఆట అయ్యేసరికి, స్తంభం ఉన్నప్పుడే నయమని, కనీసం ఎక్కడున్నాడో తెలిసేదని లెక్కల మాస్టారు విసుక్కున్నాడు. అది విని టైలరు తలూపాడు. డాక్టరు మాత్రం, కుర్రాడికి కాస్త టైమివ్వాలి కదా అని మొదలుపెట్టాడు.

ఆ సమయానికే స్తంభాన్ని నీలం జట్టువాళ్ళు తీసుకున్నారన్న కబురు వచ్చింది. బావమరిది వారం రోజులు క్లినిక్కు ఛాయలకి రాలేదు. వచ్చిన రోజు ఎవరి మొహమూ చూడకుండా మూల కుర్చీలో కూర్చుని, "పొడుగు కూడా ఒక బలమే బావా" అన్నాడు. డాక్టరు లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని తనివితీరా నవ్వాడు. తలుపు సరిగ్గా పడదు కనక ముందు గదిలోవాళ్ళందరికీ వినిపించింది.