జర్మనీ పిన్ని ఓటు

కోవిడ్ రెండో ఏడు, మే నెల. బడులు తెరిచారు గాని నా ఆఫీసు మాత్రం ఐర్లండ్‌లో, స్వోర్డ్స్ అనే ఊళ్ళో, మా అద్దె ఇంటి డైనింగ్ టేబుల్ మీదే. తొమ్మిదేళ్ళ మా అమ్మాయికి యూరప్ దేశాల పాటల పోటీ అంటే ప్రాణం. కిందటేడు ఐర్లండ్ తరఫున ఒక గాయనిని ఎంపిక చేశారు. కోవిడ్ వల్ల పోటీయే రద్దయింది. ఈసారి కొత్త పాటతో మళ్ళీ ఆమెనే పంపుతున్నారు. ఏడాదిపాటు గొంతు దాచుకుని కూర్చున్న ఆ మనిషంటే మా పిల్లకు ఎక్కడలేని జాలి. నాకు అంత తీరిక లేదు, నా గొడవ నాది.

సెమీఫైనల్ సాయంత్రం నేను మీటింగులో ఉండగా వచ్చి పక్కన నిలబడింది.

"పిన్నికి ఫోన్ చెయ్యమ్మా. షీ హ్యాజ్ టు వోట్ ఫర్ అస్!"

ఏ దేశం వాళ్ళూ సొంత దేశానికి ఓటు వేసుకోకూడదట. మా చెల్లెలు ఉండేది జర్మనీలో, తను వేయొచ్చు.

"వాళ్ళ పాటలతో మనకేంటే?" అన్నాను, మైకు ఆపి.

"నాట్ దెయిర్స్, అమ్మా. అవర్స్."

"సరే, చేస్తాలే."

పది నిమిషాలకు మళ్ళీ వచ్చింది. "చేశావా?"

"చేశాను. తప్పకుండా వేస్తానంది."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది బాగానే అతికింది.

టీవీలో ఆ గాయని కాగితపు బొమ్మల మధ్య పరుగెడుతూ పాడింది. ఆయాసపడుతోందేమో అనిపించి నాకూ పాపమనిపించింది. మా పిల్ల సోఫా ఎక్కి చప్పట్లు కొట్టింది. తర్వాత ఫైనల్‌కి వెళ్ళే పది దేశాల పేర్లూ ఒక్కొక్కటే చదువుతుంటే, ప్రతి పేరుకీ నా చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. పదీ అయిపోయాయి. మా పేరు రాలేదు.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఇట్స్ గ్రాండ్," అంది మెల్లగా, పర్లేదులే అని ఇక్కడివాళ్ళు అనే తీరులో. "పిన్ని వేసింది కదా. ఆమెకి ఒక్క ఓటైనా వచ్చింది."

సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది.

"లేదు తల్లీ. నేను పిన్నికి ఫోన్ చెయ్యలేదు. నీతో అబద్ధం చెప్పాను. సారీ."

నా చెయ్యి వదిలేసింది.

"నాకు కాదు," అంటూ టీవీ వైపు చూపించింది. "సే ఇట్ టు హర్."

తెర మీద గెలిచినవాళ్ళు గంతులేస్తున్నారు. ఆమె ఎక్కడా కనిపించలేదు. అయినా ఆ టీవీకి సారీ చెప్పాను, మనస్ఫూర్తిగానే.