మాస్టారి చేతి కట్టు

ఎదురింటివాళ్ళు తలుపులకు వార్నిష్ వేయిస్తున్నారు. ఆ వాసన పొద్దుటి నుంచి నా కుట్టుమిషను దాకా వస్తోంది. ఈ మచిలీపట్నంలో వార్నిష్ వాసన ఎక్కడ తగిలినా నాకు కామేశ్వరరావు మాస్టారే గుర్తొస్తారు. బడిలో డ్రాయింగు చెప్పి రిటైరయ్యాక, నేను జాకెట్లు కుట్టే గదికి పక్కగదిలో ఆయన పాత గాలం కర్రలు బాగుచేసేవారు. గుడివాడ నుంచి, దివిసీమ నుంచి జనం తమ నాన్నలు వాడిన కర్రలు పట్టుకొచ్చేవారు. విరిగిన కొన అతికించి, గాలం తాడు దూరే రింగులు తుప్పు పడితే తీసి కొత్తవి పెట్టి, దారం చుట్టి, పైన వార్నిష్ పూసి ఇచ్చేవారు. అంత చదువుకున్నాయనకు ఇదేం పని అని నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఒకరోజు ఆయనే పిలిచారు. "అమ్మా రత్నం, దారం మీద చెయ్యి తిరిగినదానివి, ఓసారి ఇలా రా." రింగును కర్రకు కట్టేటప్పుడు చుట్టు పక్కన చుట్టు, మధ్యలో వెంట్రుక కూడా పట్టకుండా పేర్చాలి. నా మొదటి కట్టును గోటితో గీసి చూసి, "జాకెట్టుకైతే సరిపోద్ది. బొచ్చె చేప లాగిందంటే ఊడొచ్చేస్తుంది, విప్పు" అన్నారు. ఏడుసార్లు విప్పించారు. ఎనిమిదోసారి గీసి చూసి వార్నిష్ డబ్బా నా వైపు జరిపారు. మా ఆయన పోయాక నా పనిని అలా ఒప్పుకున్నవాళ్ళు లేరు. ఆ రోజు ఇంటికెళ్ళి ఏడ్చాను.

కొన్నేళ్ళకు ఆయన చూపు తగ్గింది, చేతులకు వణుకు వచ్చింది. నందివాడ రైతు ఒకాయన మాస్టారు లేని సమయం చూసి వచ్చి, ఆయన కట్టిచ్చిన కర్రనూ, దాన్నుంచి ఊడిన రింగునూ నా బల్ల మీద పెట్టాడు. "పెద్దాయనకి చెప్పకండమ్మా, బాధపడతారు. మీరే కట్టిచ్చెయ్యండి" అన్నాడు. కట్టిచ్చాను. అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాటి నుంచి మాస్టారు భోజనానికి వెళ్ళగానే, ఆయన పొద్దున కట్టినవన్నీ విప్పి నేను మళ్ళీ కట్టడం మొదలుపెట్టాను. ఉపకారం చేస్తున్నాననుకున్నాను. లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

వేసవి మూడు నెలలూ అలాగే గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆయన వార్నిష్ పూయబోతూ ఆగి, కట్టు మీద బొటనవేలు నడిపి చూశారు.

"రత్నం, ఇది ఎవరు కట్టారు?"

"మీరే కదండీ మాస్టారూ."

"నాది పుర్రచెయ్యి తల్లీ. నా చుట్టు ఎప్పుడూ ఎడమకి వాలుతుంది. ఇది కుడికి వాలింది."

అన్ని కట్లు విప్పాను గానీ, ఆ తేడా ఒక్కసారైనా గమనించలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు నెలలండీ. మీరు బాధపడతారని..."

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "రోజూ అన్నం తిని వచ్చి చూసుకుని, ఈ వయసులోనూ పని భలే కుదురుతోందే అనుకునేవాణ్ణి" అని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

మళ్ళీ రాలేదు. నేనే ఇంటికి వెళ్తే కాఫీ ఇప్పించి, వానల గురించి మాట్లాడారు. గాలం కర్రల ఊసే ఎత్తలేదు. ఆ కార్తీకంలోనే పోయారు. ఇప్పుడా పక్కగది కూడా నాదే. ఆయన నేర్పిన పని నాకింకా అన్నం పెడుతోంది.

పోయిన నెల నాగాయలంక నుంచి ఒకావిడ కొన విరిగిన కర్ర తెచ్చింది. "మాస్టారు ఆఖరి వేసవిలో కట్టిచ్చిందండీ ఇది. మా తమ్ముడు పొద్దున్నే బస్సు తప్పిపోతుందని, వార్నిష్ మేమే పూసుకుంటామని చెప్పి ఆయన చేతిలోంచే పట్టుకొచ్చేశాడు" అంది. అంటే ఇది మధ్యాహ్నం నా చేతికి రాకుండా తప్పించుకున్న కర్ర. అయిదు రింగులు. అన్నిటి చుట్లూ ఎడమకే వాలి ఉన్నాయి. ఇన్నేళ్ళ కాలువ నీళ్ళు, ఇన్ని చేపల గుంజుళ్ళు చూసిన కర్ర అది. గట్టిగా లాగి చూశాను. ఒక్కటీ కదల్లేదు.

నందివాడ రైతు కర్రకు ఊడింది ఒక్క రింగు. నేను మాత్రం మాస్టారి కట్లన్నీ విప్పేశాను, ఏది వదులో ఏది బిగువో వేలు పెట్టి చూడకుండానే.