అమ్మకి వీపు తిప్పి తిన్న రోజులు

మా అమ్మ పోయి ఇంకా నెల తిరగలేదు. అంగిలికి వచ్చిన కేన్సర్ ఆపరేషన్‌తో వదిలిపోయిందనుకున్నాం. రెండేళ్ళు ఊరుకుని, మెడలోకి తిరిగొచ్చి తీసుకుపోయింది. మీలో టెక్కలి వీధుల్లో ఉండేవాళ్ళకి ఆమె ముఖం గుర్తు లేకపోయినా గొంతు గుర్తుండొచ్చు. నెత్తిన గంపతో సందు మొదట్లో "సేపలో" అని కేక వేస్తే సందు చివర పిల్లులు లేచేవి.

మా నౌపడ వైపు చాలామంది ఆడవాళ్ళలాగే అమ్మ అడ్డపొగ తాగేది. అంటే చుట్టకి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. సముద్రపు గాలికి ఆరిపోదు, బూడిద చేపల మీద రాలదు. మానెయ్యమని నేను పోట్లాడితే, "నా పొయ్యి నా నోట్లో ఉన్నాది, నీకేటే నొప్పి?" అనేది. నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. కంచం పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ తింటుంటే, "కూకుని తినే గుంటా, కూడు పారిపోదు" అనేది.

ఆపరేషన్‌లో అంగిలి కొంత తీసేసి, ఆ ఖాళీకి పళ్ళసెట్టు లాంటిది అమర్చారు. అయినా తిన్నదాంట్లో కొంత ముక్కులోంచి వచ్చేది. ఎవరైనా చూస్తుంటే అమ్మ ముద్ద ముట్టేది కాదు. మేం తిన్నాక తింటానని చెప్పి, గిన్నెకి మూత పెట్టేసేది. ఇలాగే చిక్కిపోతే ఆపరేషన్ తరవాత పెడుతున్న కరెంటు, అంటే రేడియేషన్, ఆపేయాలని, ఆపితే రోగం ఊరుకోదని విశాఖలో డాక్టరు చెప్పి పంపారు.

మర్నాడు మధ్యాహ్నం నాన్న కంచం తీసుకెళ్ళి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"అటేటి కూకున్నావు?" అంది అమ్మ. మాట ముక్కులోంచి వచ్చినా అదిలింపు తగ్గలేదు.

"ఇటు గాలొస్తాదే."

"గోడలోంచా?"

నాన్న పులుసు కలుపుకున్నాడు. తమ్ముడు నావైపు చూసి, వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు. నేనూ వెళ్ళాను. ముగ్గురం పెచ్చులూడిన సున్నాన్ని చూస్తూ తిన్నాం. చాలాసేపటికి వెనకాల మూత తీసిన చప్పుడైంది. తరవాత ఒక గుటక, ఒక దగ్గు. తమ్ముడు తిరగబోతే నాన్న వాడి మోకాలు నొక్కి పట్టుకున్నాడు.

కరెంటు పెట్టినన్నాళ్ళూ అలాగే తిన్నాం. మా పెద్దత్త వచ్చినప్పుడు ఆవిణ్ణీ గోడవైపే కూర్చోబెట్టాం. "ఇదేటి ఇడ్డూరమర్రా" అంటూనే అటు తిరిగి కూర్చుంది. అమ్మ మా వెనకనుంచే పెత్తనం చేసేది: "ఆడి కంచంలో పులుసెయ్యే, ఎండు మెతుకులు నవుల్తన్నాడు." కూర్చుని తినడం నాకు ఆ గోడ దగ్గరే అలవాటైంది.

ఆఖరి కరెంటు అయ్యాక ఒకరోజు అమ్మే అంది: "ఎన్నాళ్ళర్రా నాకు ఈపులు సూపించడం? మీ మొకాలు మర్సిపోతన్నాను. ఇటు తిరగండి."

తిరిగాం. ఆమె మమ్మల్ని ఒక్కొక్కర్నీ చూసి, ముద్ద నోట్లో పెట్టుకుంది. కాసేపటికి ఒక మెతుకు ముక్కు కొసకి వచ్చి ఆగింది.

"ఏటమ్మా, ముక్కుపుడక కొత్తదా?" అన్నాడు తమ్ముడు.

"ఒరే ఎదవా!" అంటూ అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతుంటే మెతుకులు ఇంకా వచ్చాయి, కళ్ళనీళ్ళూ వచ్చాయి. కొంగు కోసం తడుముకుంటుంటే నాన్న ఎడమచేత్తో భుజం మీది తువ్వాలు లాగి, ఆమె ముక్కు మెల్లగా తుడిచాడు. తుడిచి, కుడిచేత్తో ఆమె కంచంలోని చేపముక్కకి ముళ్ళు తీస్తూ కూర్చున్నాడు.