బేసిన్ చూడకుండా రాసిన మాట

నా పదవీ విరమణకు ఆరేళ్ల ముందు, జగిత్యాలలో నేను ఆయాగా పనిచేసే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నన్ను ఆడవాళ్ల సర్జికల్ వార్డుకు మార్చారు. డాక్టర్ల కింద సిస్టర్లు, వాళ్ల కింద మేము. ఎనిమా పెట్టడం, బేసిన్ మోయడం మా పని. కేసు షీటు రాయడం సిస్టర్ పని. అప్పటికి నాకు అక్షరం రాదు.

ఆ వానాకాలం కోరుట్ల నుంచి లావణ్య అనే బీడీలు చుట్టే అమ్మాయి మూడోసారి చేరింది. మెలిపెట్టే నొప్పి, వాంతులు. అంతకుముందు రెండుసార్లూ గ్యాస్ అని పంపించేశారు. నోట్లోంచి వేసే కెమెరా గొట్టం, కిందనుంచి వేసే కెమెరా గొట్టం చిన్నపేగు నడుమకు చేరవు. వాటికి కనబడలేదు కాబట్టి రోగమే లేదన్నారు.

“మొగడు మస్కట్ల ఇంటికచ్చే విమానం ఎక్కంగనే దీని నొప్పి పోతది,” అని సిస్టర్ నవ్వింది.

లావణ్య నా కొంగు పట్టుకుంది. “అవ్వా, నువ్వన్న నమ్మవా? నాటకం కాదే.”

వాంతి మొదట పసుపు, తర్వాత ఆకుపచ్చ. మర్నాటికి మలం వాసన. రెండో ఎనిమాకు పోసిన నీళ్లు పోసినట్టే తిరిగొచ్చాయి. గాలి కూడా పోలేదు. బేసిన్ చూపించబోతే సిస్టర్ ముక్కు మూసుకుంది. “అవుతల పారబొయ్యి, నాకెందుకు?”

రౌండ్స్‌లో సర్జన్ సిస్టర్ రాసిన షీటు పైకి చదివారు. “ఎనిమా ఇచ్చారు, విరేచనం బాగా అయింది.” “ఇంటికి పంపండి,” అన్నారు.

నా ఒళ్లు మండిపోయింది. నేను చేసిన పని మీద, నన్నడగకుండా అబద్ధం!

“కాలే సార్. వట్టి నీళ్లే అచ్చినయ్. బేసిన్ మోసింది నేను.”

“అక్షరం ముక్క రాదు, సార్ ముంగట మాట్లాడుతున్నవా?” అంది సిస్టర్.

సర్జన్ లావణ్య కడుపు మీద చెయ్యి పెట్టి చూసి, నిలబెట్టి ఎక్స్-రే తీయించారు. పేగుల్లో నీళ్లు మెట్లుమెట్లుగా నిలిచి ఉన్నాయి. దారి మూసుకుపోయిందన్న గుర్తు అది. ఆ మధ్యాహ్నమే ఆపరేషన్. చిన్నపేగులో నిమ్మకాయంత గడ్డ. దాన్ని లాక్కుంటూ పేగు పేగులోకే దూరింది. ఆ ముక్క కోసేసి, పేగు కొసలు అతికారు. పరీక్షకు పంపితే అరుదైన కణితి అని తేలింది. లావణ్య బతికింది. ఇంటికి పంపి ఉంటే దక్కేది కాదని సర్జనే అన్నారు.

షీటులోని ఆ మాటను మాత్రం ఎవరూ కొట్టేయలేదు. సంజాయిషీ అడిగింది కూడా నన్నే, రౌండ్స్‌లో నోరు తెరిచినందుకు.

ఆ ఏడాదే పెద్దల చదువు తరగతిలో చేరాను. ముందు తెలుగు, తర్వాత షీటులో వాడే నాలుగు ఇంగ్లిషు మాటలు. ఇప్పుడు సిరిసిల్లలో నా బిడ్డ ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. చూసినవాళ్లను అడగకుండా ఎవరూ ఫలితం రాయకూడదు. రిటైరయ్యేదాకా, షీటులో నిజం పడిందని చదువుకున్నాకే నేను బేసిన్ కడిగాను.