నేను విరిచిన పుల్ల

పద్దెనిమిదేళ్ళుగా ఈ మాట నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. నువ్వెవరివో నాకు తెలియదు. అందుకే నీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకు.

మాది గోదారి మీద వలేసి బతికే కులం. వీధిబడిలో నాలుగక్షరాలు నేర్చుకున్నాను కనుక ఇది రాస్తున్నాను.

నా భార్య నూకాలు. పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లలు లేరు. ఆమె మొక్కని దేవత లేదు, మా అమ్మ ఆమె చేత తాగించని కషాయం లేదు. నన్నెవరూ ఏమీ అడగలేదు. మగవాణ్ణి కదా, ఎందుకు అడుగుతారు?

ఒక వేసవిలో వల లాగుతుంటే గజ్జలో పోటు పుట్టింది. పట్నంలో ఆసుపత్రికి వెళ్ళాను. తోడు వచ్చిన నూకాలు వసారాలో కూర్చుంది. డాక్టరుగారు లోపల నన్ను పడుకోబెట్టి, నొక్కి చూసి, చేతులు కడుక్కుంటూ చెప్పారు. తల్లి కడుపులో ఉండగానే వృషణాలు రెండూ కిందికి దిగాలట. నాకు దిగలేదట, గజ్జల్లోనే ఆగిపోయాయట. ఇక నీకు పిల్లలు పుట్టరయ్యా అన్నారు. నా చెవులు గుయ్యిమన్నాయి. కాలవలో ఈతలాడే వయసులోనే తోటివాళ్ళలా లేనని నాకు తెలుసు. కానీ మొగుడిగా నాకే లోటూ లేదే, మరి ఇదేమిటి? బయటికొచ్చి, నరం పట్టిందట అని నూకాలుతో చెప్పాను. ఆమె మారు మాట అడగలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావద్దా? రాలేదు.

ఆ ఏడాదే మా అమ్మ కులపెద్దల్ని కూర్చోబెట్టింది. మాలో ఒక ఆచారం ఉంది. తప్పు ఎవరిదో తేల్చాక మొగుడు అందరి ముందూ పుల్ల విరిచి పడేస్తే పెళ్ళి తెగిపోయినట్టే. ఆడది మళ్ళీ మనువాడవచ్చు. నీలో లోపమేమీ లేదు కదరా అని పెద్దాయన అడిగాడు. లేదన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో! నూకాలు గొడ్రాలని తేల్చారు. ఈనెపుల్ల నా చేతికిచ్చారు. విరిచాను. ఆమె నా మొహంలోకే చూస్తూ నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

ఎందుకు చేశాను? మగాడు కాదంటారన్న భయం. అంతేనా? ఆమె కంటి ముందు ఉన్నంతకాలం డాక్టరు మాట గుర్తొస్తూనే ఉంటుందని, ఆమె పోతే ఆ మాటా పోతుందని అనుకున్నాను. ఛీ, ఇంతకంటే నీచం ఉంటుందా?

నాలుగేళ్ళ తర్వాత ధవళేశ్వరంలో కాలవ లాకు దగ్గర, తలుపులు తెరిచేదాకా మా పడవ ఆగింది. పక్కనే ఆగిన పడవలో నూకాలు! చంకలో బిడ్డ, కొంగు పట్టుకుని ఇంకొకడు. పోలవరం పడవవాణ్ణి మనువాడిందట.

"నీకు పిల్లలా!" అన్నాను.

"ఏం మావా, పుట్టకూడదా?"

"అప్పుడు లోపం నాదని నాకు తెలీదే..."

"అబద్ధాలాడకు. ఆసుపత్రి వసారాలో చెవులు మూసుకుని కూర్చున్నాననుకున్నావా? అంతా ఇన్నాను."

"మరి పెద్దల ముందు చెప్పలేదేం?"

"నువ్వే చెప్తావని చూశాను మావా. పుల్ల ఇరిగేదాకా చూశాను."

లాకు తలుపులు తెరిచారు. ఆమె పడవ ముందుకెళ్ళిపోయింది.

ఆమెకు తెలుసు! ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా మా అమ్మ పోసిన చేదు కషాయాలన్నీ పొద్దున్నే పరగడుపున గుటకలేసి తాగేది. అంటే అన్నీ తెలిసే తాగిందా? నన్ను నలుగురిలో నిలబెట్టకూడదనేనా? ఇన్నేళ్ళయినా ఇది తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆమెను చూశానని ఊళ్ళో చెప్పలేదు. మా ఊళ్ళో ఈనాటికీ ఆమె గొడ్రాలే. అది నా రెండో పాపం.

నూకాలు గొడ్రాలు కాదు. లోపం నాది, పుట్టుకతో వచ్చింది. అందులో నా తప్పు లేదు. అది తెలిసీ ఆమె మీదికి నెట్టడం మాత్రం పూర్తిగా నా తప్పే. నన్ను క్షమించమని నిన్ను అడగను, నువ్వు క్షమించి ఏం లాభం? రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఊళ్ళో పదిమంది ముందు ఈ మాట అనగలనా? నా మీద నాకే నమ్మకం లేదు. ఇక్కడైతే అన్నాను.