బాపమ్మ కాపలా కాసిన జిల్లేడు

ఈ ఉదయం టెంఘర్‌లోని మా ఫ్లాటు గ్యాలరీలో, అంటే బాల్కనీలో, పాత రంగు డబ్బాలో నేను పెంచుతున్న జిల్లేడు మీద ఒక నారింజ రంగు సీతాకోక చిలుక వాలి, ఆకు అడుగున గుడ్డు పెట్టి వెళ్ళింది. చేతిలోని చాయ్ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. ఇన్నేళ్ళుగా డైరీలో తప్ప ఎక్కడా చెప్పని సంగతి చెప్పాలనిపించింది.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానా గోడ పక్కన, సరిగ్గా మా గుమ్మానికి ఎదురుగా ఒక జిల్లేడు మొలిచింది. ఇంటి ముందు జిల్లేడు ఉంటే ఆ ఇల్లు పాడుపడుతుందని నమ్మే బాపు, శుక్రవారం సెలవుకు సాంచాలు ఆగగానే పీకేస్తానన్నాడు. ఆకుల మీద నలుపు, తెలుపు, పసుపు చారల పురుగులను రోజూ చూసుకుని మురిసిపోతున్న నాకు ప్రాణం పోయినంత పనైంది, కాని బాపుకు ఎదురుచెప్పలేని సిగ్గరిని. అప్పుడే బాపు వాళ్ళమ్మ, మా బాపమ్మ, కళ్ళద్దాలు సవరించుకుంటూ చెట్టు మీదికి వంగింది. ఆమె తల్లిగారి ఊరిలో మద్దిచెట్ల మీద దసలి పట్టుపురుగులను పెంచేవారట.

"పట్టుపురుగులురా గివి! చెట్టు మీద చెయ్యేస్తివా, సూడు మరి."

"జిల్లేడు మీద పట్టేందే అవ్వా? నీ కండ్లద్దాలు మార్పియ్యాలె" అని బాపు నవ్వాడే గాని, తల్లి మాట దాటలేదు.

అవి పట్టుపురుగులు కావని బడి లైబ్రరీ పుస్తకంలోని బొమ్మ చూసిన నాకు తెలుసు. చెప్తే చెట్టు పోతుంది. అందుకే ఆ పుస్తకాన్ని బడి సంచీ అడుగున దాచేశాను. బాపమ్మ మాత్రం రోజంతా కట్టె పట్టుకుని, గొంతెత్తి అదిలించి కాకులను తోలుతూ, కొడుక్కి పట్టు కండువా నేయిస్తానని వాడంతా చాటింది.

పది పన్నెండు రోజులకు ఒక ఆకు కింద, బంగారు చుక్కలున్న ఆకుపచ్చ పూసలాంటి గూడు వేలాడింది. నేను బడి నుంచి వచ్చేసరికి బాపమ్మ పొయ్యి మీద నీళ్ళు మరిగిస్తోంది. పురుగు గూడు చీల్చుకుని వస్తే దారం తెగుతుందని, అంతకుముందే ఉడకబెట్టడం వాళ్ళ ఊరి పద్ధతి. ఇక చెప్పక తప్పలేదు. అది పట్టుగూడు కాదని, అందులోంచి సీతాకోక చిలుక వస్తుందని చెప్తుంటే నా గొంతు నాకే వింతగా వినిపించింది.

"నీకెప్పటి సంది ఎరుక?"

"మొదటి దినం సంది, బాపమ్మా."

"మూగదాని లెక్క ఉంటవ్, ఎంత దొంగవే నువ్వు!" అని బాపమ్మ పకపకా నవ్వి, ఆ నీళ్ళలో చాయ్ పత్తి వేసింది. "మీ బాపుకు చెప్పకు. గూడు ఇంక పండలేదని చెప్దాం."

సీతాకోక చిలుక రెక్కలు విప్పిన రోజు బాపు కూడా సాంచా ఆపి వచ్చాడు. తన కండువా ఏదని అడిగితే, బాపమ్మ తడుముకోకుండా "గదే, ఎగిరిపోతుంది సూడు" అంది. ఆ తరువాత చెట్టు పీకే మాట బాపు ఎత్తలేదు.

ఆ కార్ఖానా చోట ఇప్పుడు గోదాము ఉంది. బాపమ్మ లేదు. మా బిల్డింగులో జిల్లేడు పెంచుకుంటానంటే కాదనేవారు లేరు సరికదా, విత్తనాలు అడిగి తీసుకువెళ్తారు. ఎవరి దగ్గరా ఏదీ దాచనక్కరలేదు. అయినా గ్యాలరీ మూలన ఒక కట్టె ఉంచుకున్నాను. కాకి వాలితే, చదువుతున్న పుస్తకం బోర్లించి లేచి, అచ్చం ఆమె లాగే అదిలిస్తాను, సిగ్గుపడకుండా, వీధి చివరిదాకా వినబడేలా.