ఎమ్మిగనూరు నుంచి ఎర్రగుంట్లకు: బాత్రూమ్ ఉన్న బండి, దాన్ని ఖాళీ చేసే చోటు కోసం మేం పడిన తిప్పలు

మా ఇంటామె నాగలక్ష్మి ఎర్రగుంట్లకు పోయొచ్చింది! బస్సు పేరెత్తితే ముఖం అటు తిప్పుకునే మనిషి, దారి పొడుగునా నీళ్లు తాగుతా, రెండుసార్లు టీ గూడా తాగి, తమ్ముని కొత్తింట్లో పాలు పొంగించి వచ్చింది. నా కండ్లతో నేనే చూసినా, నాకే ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. మీరు గూడా ఇంట్లో పెద్దవాళ్లను తీసుకుని ఇట్లాంటి బండిలో బయలుదేరాలనుకుంటే ఇది చదవండి. మేం తెలియక పడిన అవస్థ మీకు తప్పుతుంది.

నేను ఎమ్మిగనూరులో మగ్గం నేసి బతికినవాణ్ణి. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది, కాబట్టి రాతలో తప్పులుంటే మన్నించండి. మా ఆమెకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఒంటికి వస్తే ఒక్క నిమిషం నిలవదు. మోకాళ్లు గూడా వంగవు. బస్సులో పోతే దారిలో ఎక్కడ దిగాలి, ఎక్కడ కూర్చోవాలి? అందుకని తొమ్మిదేండ్లుగా పెండ్లి లేదు, పేరంటం లేదు, ఎవరింటికీ పోలేదు. అసలు సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ మోకాళ్ల నొప్పులనే చెప్పేది. ఇప్పుడు ఈ మాట రాయమని ఆమే చెప్పింది, లేకపోతే నాకంత ధైర్యం యాడిది?

ఆమె తమ్ముడు ఓబులేసు ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుతాడు. ఇన్నేండ్లకు సొంత ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి పాలు పొంగించాల్సింది ఇంటి ఆడబిడ్డ, అంటే మా ఆమె. ఫోన్ చేసి, ఈసారి గూడా రాకపోతే తనకు అక్క లేదనుకుంటానని చెప్పి పెట్టేసినాడు. ఆ పొద్దు ఆమె అన్నం ముట్టలేదు. తమ్ముని ఫోన్ సంగతి మా కూతురు చెవిన వేస్తే, అత్త మోకాళ్లకు తిప్పలుండవని కర్నూలులో ట్రావెల్స్ నడిపే మా అల్లుడు శీను తన కొత్త బండి పంపుతానన్నాడు. టెంపో ట్రావెలర్‌ను ఇల్లు మాదిరి మార్పించినాడు. రెండు పడకలు, చిన్న గ్యాసు పొయ్యి, వెనక మూలన తలుపు ఉన్న బాత్రూమ్, అందులో కుర్చీ మాదిరి కూర్చునే కమోడ్. కారవాన్ అంటారంట. బయటివాళ్లకు బాడుగ రోజుకు ఎనిమిది వేలు. మేం డీజిల్ పోయించుకుంటే చాలన్నాడు. పోయేదానికి మూడు వేల పైచిలుకు అయింది. బంగారం లాంటి అల్లుడు.

పొద్దున ఆరింటికి బయలుదేరినాం. డ్రైవరు మౌలా మా వీధి పిల్లోడే, మమ్మల్ని మామా, అత్తా అని పిలుస్తాడు. ఎనిమిది లోపల కర్నూలు చేరి, ఊరి బయట హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. మా ఆమె మొదట వద్దనింది. తర్వాత బండి వెనక్కి ఒకసారి చూసి, నాకూ ఒక ప్లేటు చెప్పు అనింది. టీ గూడా తాగింది. అక్కడి నుంచి ఓర్వకల్లు రాళ్ల గుట్టల పక్కగా నంద్యాల చేరేసరికి పది అయింది. కిటికీ పక్కన కూర్చుని శనగ చేలు చూస్తా, ఆకలైన పిల్ల మాదిరి సీసా సీసా నీళ్లు తాగింది. లేచినప్పుడల్లా వెనక్కి పోయొచ్చేది. వచ్చినప్పుడల్లా నవ్వు ముఖం. ఆ సంతోషంలో నేను గూడా ఊరికే ఉండలేక, ఆమె వచ్చినాక పోయి, ఇంట్లో మాదిరి బకెట్టు నిండా నీళ్లు పట్టి కుమ్మరించి వచ్చేవాణ్ణి. అల్లుని బండి, శుభ్రంగా ఉండాల కదా.

ఆళ్లగడ్డ దాటినాక డ్రైవరు ముందర ఎర్ర లైటు వెలిగి, కీచుమని మోగడం మొదలుపెట్టింది. అదేం లైటని అడిగినా.

"ట్యాంకు నిండింది మామా."

"డీజిలా?"

"డీజిల్ కాదు. ఎనకది."

నాకు అర్థం కాలేదు. పాత రైళ్లల్లో మాదిరి ఎప్పటికప్పుడు కిందికి పోతా ఉంటుందనుకున్నా.

"కిందికి పోతే ఎనకొచ్చే మోటార్ సైకిలోడు మనల్ని ఇడుస్తాడా మామా? అంతా మన కిందనే ఉండాది. నువ్వు పోసిన బకెట్లతో సహా."

అంటే పొద్దుటి నుంచి మేం దాని మీద కూర్చుని బజ్జీలు నెమరేసుకుంటా వస్తాండామా? అల్లునికి ఫోన్ చేస్తే అతను గూడా బిత్తరపోయినాడు. ఒక దినం ప్రయాణానికి నిండదు కదా, ఏం చేసినారు మామా అని అడిగినాడు. బయటి దేశాల్లో ఇట్లాంటి బండ్ల కోసం రోడ్డు పక్కనే చోట్లు ఉంటాయంట, గొట్టం తగిలిస్తే ట్యాంకు ఖాళీ అవుతుందంట. మన రోడ్డులో అట్లాంటిది ఉన్నట్టు తనకు తెలియదన్నాడు. కర్నూలులో ఐతే సెప్టిక్ ట్యాంకు లారీని షెడ్డుకే పిలిపిస్తాడంట. అదంతా స్పీకర్లో మా ఆమె వినింది. చేతిలో సీసా మూత బిగించి సీటు కింద పెట్టేసింది.

ముందర ఒక పెట్రోలు బంకులో ఆపినాం. నాకు ఆ మాట నోట్లోంచి వస్తేనా. బండిలో వాడిన నీళ్లు వదలాలప్పా అని మెల్లగా అడిగినా. బంకులో పిల్లోడు బండ్లు కడిగే చోటు చూపించినాడు. అక్కడ వదిలితే పారేది బంకు ముందరికే, ఇంకేమన్నా ఉందా? వద్దులే అని వచ్చేసినా. తర్వాత టీ అంగడి దగ్గర ఒకాయన, పక్కన వంక ఉంది, అందరూ ఆడనే ఇడుస్తారు, పోండప్పా అన్నాడు. మట్టిదారిన రెండు కిలోమీటర్లు పోయినాం. వంకంటే చిన్న వాగు, అదంతా ఎండిపోయింది. మౌలా దిగి ట్యాంకు గొట్టం మూత మీద చెయ్యి పెట్టినాడు. ఇంతలో మా ఆమె తలుపు పట్టుకుని కుంటుకుంటా దిగింది. కొంచెం దిగువన ఇసుకలో తవ్విన చెలమ ఉంది. ఒకామె చెంబుతో ముంచి బిందెలో పోసుకుంటా ఉంది.

"మూత తీయొద్దు మౌలా" అనింది మా ఆమె. నా వైపు తిరిగింది. "ఆయమ్మ ముంచుకునే నీళ్లలో నాది కలిపేసి, నేను పోయి తమ్మునింట్లో పాలు పొంగీయాల్నా? బండి తిప్పండి. ఇంటికి పోదాం."

మౌలా నా ముఖం చూసినాడు. నేను చాలా బతిమాలినా. ఎర్రగుంట్ల ఇంకెంతో దూరం లేదని చెప్పినా. ఆమె ఒకటే చెప్పింది. ఇంకొక గంట దాటితే తన చేతిలో ఉండదంట, తడిసిన గుడ్డలతో చుట్టాల ముందర దిగేకన్నా వెనక్కి పోయేదే మేలంట. ఆమె కండ్లలో నీళ్లు లేవు, అదే నాకు ఎక్కువ భయమేసింది. ఇప్పుడు తిరిగి పోతే ఓబులేసు ఇంటి గడప ఈ జన్మకు తొక్కదని నాకు తెలుసు.

రోడ్డెక్కి, బండి తిప్పుకునే సందు కోసం మెల్లగా పోతా ఉంటే, ఒక దాబా ముందర సెప్టిక్ ట్యాంకు లారీ ఆగి ఉంది. డ్రైవరు నులక మంచం మీద టీ తాగుతాన్నాడు. చుట్టూ పదిమంది మగవాళ్లు. మా ఆమె మౌలా భుజం తట్టి ఆపమనింది. నేను దిగి ఏదో నసుగుదామనుకునే లోపల, ఆమే కిటికీ అద్దం తీసి, ఊరంతా వినేటట్టు అడిగింది.

"నాయనా, మా బండిలో లెట్రిన్ ట్యాంకు నిండింది. నీ లారీది నువ్వు యాడ పోస్తావు?"

నాకు తల కొట్టేసినట్టయింది. బాత్రూముకు పోయొస్తానని నాతో చెప్పడానికే సిగ్గుపడే మనిషి! మంచం మీద వాళ్లంతా తిరిగి చూసినారు. ఒకడు నవ్వబోయినాడు. లారీ డ్రైవరు నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి లేచి వచ్చినాడు.

"నేను ఆడికే పోతాండా పెద్దమ్మా, లోడుతో. నా ఎనక రాండి. వాసనొస్తే మాత్రం నన్ను తిట్టుకోవద్దు."

"మాది మేం మోసుకుంటాండాం, నిన్నేం తిడతాం" అనింది. ఈసారి అందరూ నవ్వినారు, ఆమెతో కలిసి.

అట్లా సెప్టిక్ లారీ వెనక మా బండి. జీవితంలో లెట్రిన్ బండికి తోడుపెండ్లికొడుకునవుతాననుకోలేదు మామా అని మౌలా ముక్కుకు కర్చీఫు కట్టుకున్నాడు. మైదుకూరు దాటినాక ఒక ఊరి బయట, గోడ కట్టిన పెద్ద ఆవరణలోకి లారీ తిరిగింది. ఏ ఊరో రాయను, అక్కడ గేటు దగ్గర పనిచేసే ఆమెకు మాట రాకూడదు. సెప్టిక్ లారీలు తెచ్చింది అక్కడ పోస్తే, ఎండబెట్టి ఎరువు చేస్తారంట, నీళ్లు శుద్ధి చేసి చెట్లకు వదులుతారంట. ఇట్లాంటి చోటు ఒకటి మన సీమలో ఉందని డెబ్బైకి దగ్గర పడిన నాకు ఆ పొద్దే తెలిసింది.

గేటు దగ్గర నలభై ఏండ్ల ఆమె, చేతులకు రబ్బరు తొడుగులు. పర్మిషన్ ఉన్న లారీలకు తప్ప వేరే బండ్లకు లేదు, మా సార్ ఒప్పుకోడు అనింది. నేను జేబులో చెయ్యి పెట్టినా. మా ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపి, నెమ్మదిగా చెప్పింది.

"నాకు ఆపరేషన్ అయినప్పటి నుంచి నిలవదమ్మా. అందుకే ఈ బండి. తొమ్మిదేండ్లకు తమ్మునింటికి పోతాండా. ఇది ఖాళీ కాకపోతే వాపసు పోవాల."

ఎవరికీ చెప్పని మాట, పేరు గూడా తెలియని మనిషికి, గేటు కాడ నిలబడి చెప్పేసింది. ఆయమ్మ ఫోన్ తీసి సార్‌కు చేసింది. "సార్, ఒక చిన్న లారీ వచ్చింది. శానా చిన్నది. ఇడిపిస్తాండా" అని పెట్టేసింది.

పది నిమిషాల్లో పని అయిపోయింది. గొట్టం తగిలించి వదిలి, నీళ్లతో రెండుసార్లు కడిగినారు. టీకని నేనిచ్చింది తీసుకోలేదు. ఒకసారి బండి లోపల చూస్తానని మాత్రం అడిగింది. మా ఆమె ఆయమ్మను చెయ్యి పట్టుకుని ఎక్కించుకుని, ఇది పడక, ఇది పొయ్యి, ఇది నా బాత్రూమ్ అని సొంత ఇల్లు చూపించినట్టు తిప్పి చూపించింది. ఆయమ్మ కిందికి దిగినాక మా ఆమె సీటు కింద సీసా తీసి గటగటా తాగింది. బకెట్టు మాత్రం నా చేతిలోంచి మౌలా లాక్కున్నాడు. అప్పటికి టైము రెండున్నర.

ప్రొద్దుటూరులో భోంచేసి, ఇంకొక టీ తాగి, నాలుగున్నరకు ఎర్రగుంట్ల చేరినాం. కొత్తింటి ముందర పందిరి వేసి, చుట్టాలంతా కూర్చుని ఉన్నారు. ఓబులేసు లేచి రాలేదు. కూర్చున్న చోటనుంచే, దారి గుర్తుందా అక్కా అని ఎకసెక్కంగా అడిగినాడు. ఆమె పోయి అతని పక్కన కూర్చుంది.

"నాకు ఒంటికి నిలవదు రా. ఆపరేషన్ అయినప్పటి నుంచి. దారిలో, మీ అందరి ఎదుట గుడ్డలు తడుపుకుంటానని రాలేదు. నీ మీద కోపంతో కాదు."

ఓబులేసు అక్క కాళ్ల దగ్గర కిందికి జారి కూర్చున్నాడు. అప్పుడు అతని భార్య సుబ్బమ్మ, వంటింటి వాకిట్లో నిలబడి, కొంగు చేత్తో మెలిపెట్టుకుంటా అనింది:

"నాకూ అంతే వదినా. రెండో కాన్పు అయినప్పటి నుంచి. మీ ఇంటికి నేను రాకపోయింది గూడా అందుకే."

ఆ పొద్దు నేను ఎన్నిసార్లు బిత్తరపోయినానో, అన్నింటికన్నా ఇది ఎక్కువ. సుబ్బమ్మకు సిమెంటు లారీ గర్వమని మా ఇంట్లో, నాగలక్ష్మికి ఎమ్మిగనూరు గర్వమని వాళ్లింట్లో ఇన్నేండ్లు అనుకుంటానే ఉన్నాం. ఓబులేసు భార్య వైపు చూసినాడు, నా వైపు చూసినాడు. ఇద్దరు ఆడవాళ్లు మాత్రం లోపలికి పోయి తలుపు వేసుకున్నారు. కొంచెంసేపటికి లోపలినుంచి నవ్వులు వినపడినాయి. తెల్లవారి ముహూర్తానికి ఇద్దరూ కలిసే పాలు పొంగించినారు.

తిరిగొచ్చినాక నాకు అదే ఆలోచన. మన దారుల్లో లారీ నిలిపే చోటు ఉంది, టీ తాగే చోటు ఉంది, టైరుకు గాలి పట్టే చోటు ఉంది. ఆడమనిషి నిబ్బరంగా కూర్చుని లేచే చోటు మాత్రం వెతుక్కోవాల, అది లేక ఎంతమంది గడప దాటకుండా ఉండిపోయినారో. మీరు ఇట్లాంటి బండిలో పోయేట్టయితే నేను చెప్పేది ఒకటే: బయలుదేరే ముందే దారిలో వచ్చే పట్నాల మున్సిపాలిటీ ఆఫీసులకు ఫోన్ చేసి, సెప్టిక్ లారీలు ఎక్కడ ఖాళీ చేస్తాయో, మీ బండిని లోపలికి రానిస్తారో అడిగి పెట్టుకోండి. నా మాదిరి నీళ్లు నీళ్లని నసగకుండా, ఉన్న మాట ఉన్నట్టు అడగండి.

ఇంక ఈ సంగతి చెప్పాల్సిన వాళ్లు:

ఆదోనిలో మా పెద్దక్క. మూడేండ్లుగా బస్సెక్కదు, తల తిరుగుతుందంటుంది. మా ఆమె సంగతి చెప్పి, నీకూ ఇదేనా అని అడగాల.

కోడుమూరు చిన్నాయన కోడలు. మనవని పుట్టువెంట్రుకలకు మేం పోలేదని అలిగింది.

మంగంపేటలో మా ఆమె చిన్నమ్మ కొడుకు, గనిలో పని. అతనికి చెబితే తక్కినవాళ్లందరికీ అతనే చెప్పేస్తాడు.

ఆత్మకూరులో మా వియ్యంకురాలు. ఫంక్షన్ ఉందంటే పొద్దుటి నుంచి నీళ్లు ముట్టదు. ఆమెకు మా ఆమే చెప్తుంది, నేను బయట కూర్చుంటా.

ఓబులేసు. వచ్చే శుక్రవారం బండి మళ్లా ఎర్రగుంట్లకు వస్తుంది, సుబ్బమ్మను ఎమ్మిగనూరుకు తీసుకుపోవడానికి. బకెట్టు ఇంట్లోనే పెట్టి వస్తానని గూడా చెప్పాల.